పైన మన మాట, కింద వారి మాట

1990 జూలై 2వ తేదీ, సోమవారం ఉదయం, మన గ్రంథాలయంలో బైండింగు గది వెనుకనున్న కేటలాగు విభాగంలో సహాయకురాలిగా చేరిన మన మేడంగారు, ఈ నెలాఖరున ఆ విభాగానికే అధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సంచికలో వారిని గురించి వ్రాసే బాధ్యతను నాకు అప్పగించినప్పుడు మిత్రులు కొందరు ముసిముసిగా నవ్వారు. కారణం లేకపోలేదు. కౌంటరులో కూర్చునే నాకూ, లోపలి గదిలో కూర్చునే ఆమెకూ నడుమ జరిగినన్ని వాదోపవాదాలు ఈ భవనంలో మరెవరి మధ్యా జరగలేదు.

ఉద్యోగ జీవితారంభం నుంచి ఆమె నిష్ఠ ఒక్కటే. ఏ పుస్తకం దేనిని గురించినదో నిర్ణయించి, దానికి తగిన విషయ శీర్షికను ఇచ్చి, వెతికేవారి చేతికి అందేటట్లు చూడడం. అట్ట చూసి, ముందుమాట తిరగేసి శీర్షిక ఇచ్చేవారంటే ఆమెకు ఒళ్లుమంట. కార్డుల సొరుగులు పోయి కంప్యూటర్లు వచ్చిన రోజుల్లో సీనియర్లు సెలవు చీటీలు వ్రాసుకుంటూ ఉండగా, మొదట కీబోర్డు ముందు కూర్చున్నది ఆమే. కనుక ఆమె మార్పుకు జడిసే మనిషి అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఆమె జంకినది యంత్రాలకు కాదు, రణగొణధ్వనికి. సుమారు పదేళ్ల క్రితం మన కేటలాగును అందరూ ఇంటినుంచే చూసేటట్లు ఇంటర్నెట్టులో పెట్టి, పాఠకులు కూడా ప్రతి పుస్తకం కింద తమకు తోచిన మాట వ్రాయవచ్చునన్న ప్రతిపాదన తెచ్చినప్పుడు, సిబ్బంది సమావేశంలో ఆమె లేచి నిలబడ్డారు.

“రేపు ఎవరో వచ్చి ‘బోరు’ అని రాసిపోతారు. ఆ పుస్తకం ఇంక బీరువాలోంచి కదులుతుందా? నోటికొచ్చిందల్లా రాయడానికి ఇదేమన్నా గోడా?” అని నిలదీశారు.

ప్రతిపాదన నెగ్గింది. పాఠకుల మాటలను పరిశీలించే విధి మాత్రం ఆమెకే దక్కింది. ప్రతిదినం తలుపులు తెరవకముందే ఆమె ఆ పేజీ ముందు కూర్చుని, ‘బస్సులో చదవచ్చు’, ‘రుమాలు దగ్గర పెట్టుకోండి’, ‘మా అత్తగారికి కూడా నచ్చింది’ వంటి మాటలను నిర్దాక్షిణ్యంగా తొలగించేవారు. అవి విషయాలు కావన్నది ఆమె వాదం. ఆ రోజుల్లోనే ‘కత్తెర మేడం’ అన్న బిరుదు పుట్టింది. ఆ సంగతి చెవిన పడినప్పుడు, “కత్తెరే కదా, గొడ్డలి అనలేదు” అని మళ్లీ పనిలో పడ్డారు.

ఒకనాటి ఉదయం బ్యాంకులో పనిచేసే పాఠకుడొకరు నా కౌంటరు వద్దకు వచ్చారు. “నేను పెట్టిన మాట ఎవరు తీసేశారండీ? కంప్యూటర్లో ఆ మాట కొట్టి పుస్తకాలు వెతుక్కునేవాణ్ణి. ఇంకెవరో కూడా దాని కింద మంచి పుస్తకాలు చేర్చారు. ఇప్పుడు ఒక్కటీ రావట్లేదు” అన్నారు. ఆయన పెట్టిన మాట ‘మంచం పక్కన కూర్చుని చదవడానికి’. నేను మేడంగారిని పిలిచాను.

“బాబూ, అది విషయం కాదు. ఆ పుస్తకాల్లో ఎక్కడన్నా మంచం పట్టిన మనిషి ఉన్నాడా?” అని ఆమె శాంతంగానే అడిగారు.

“పుస్తకంలో లేడండీ, ఇంట్లో ఉన్నాడు. మా నాన్న. పక్షవాతం వచ్చి మాట పోయింది. చదువుతుంటే మాత్రం వింటాడు.”

మేడంగారు లోపలికి వెళ్లిపోయారు. మధ్యాహ్నం భోజనానికి కూడా గది విడిచి రాలేదు. సాయంత్రానికి తాను తొలగించిన మాటలన్నిటినీ కంప్యూటరులో దాచిన పాత ప్రతులలో వెతికించి తిరిగి పెట్టించారు. అయితే తన శీర్షికలలో ఒక్క అక్షరమైనా వదులుకోలేదు. “పైన మన మాట ఉంటుంది, కింద వాళ్ల మాట ఉంటుంది. రెంటినీ కలిపితే ఊరుకోను. ఇంకొకటి. ఎవరు రాశారో ఎవరికీ కనపడకూడదు, మనక్కూడా. ఎవరింట్లో ఎవరు మంచం పట్టారో లోకానికెందుకు?” అన్నారు. ఇవాళ మన కేటలాగులో కనిపించే రెండు వరుసలూ, పేర్లు దాచే కట్టుబాటూ నాటి సాయంత్రం పుట్టినవే. ఆమె అంతగా ఎదురు తిరిగి ఉండకపోతే అవి ఇంత చక్కగా కుదిరేవి కావని, ఆమెతో పోట్లాడిన నేనే ఇక్కడ వ్రాస్తున్నాను.

తరువాతి సంవత్సరాలలో శాఖా గ్రంథాలయాలకు ఈ పద్ధతిని నేర్పినది ఆమే. అక్కడివారు అభ్యంతరాలు ఏకరువు పెట్టినప్పుడు, “ఇవన్నీ నేను ఎప్పుడో అనేశాను. కొత్తవేమన్నా ఉంటే చెప్పండి” అని కుర్చీ లాక్కుని కూర్చునేవారట.

నిరుడు ఆమె భర్త, విశ్రాంత డ్రాయింగు మాస్టారుగారి చూపు పూర్తిగా మందగించింది. జీవితమంతా కళ్లతో బతికిన మనిషి ఎవరితోనూ మాట్లాడడం మానేశారని విని మేమంతా బాధపడ్డాం. ఒక సాయంత్రం మేడంగారు లోపలి గదిలోంచి కాక, పాఠకుల వరుసలోంచి నా కౌంటరు ముందుకు వచ్చి నిలబడ్డారు.

“ఏమండీ, ఆ బ్యాంకాయన మాట కొట్టి చూడండి. ఏమేం వస్తాయి?” అన్నారు.

చాలా వచ్చాయి. ఎన్నో ఇళ్లలో ఎందరో చేర్చి పెట్టిన పుస్తకాలు. ఆమె ఆ తెర వంక చూస్తూ ఒక్కొక్క పేరూ కాగితం మీద వ్రాసుకున్నారు. వచ్చే నెల నుంచి ఆ లోపలి గదిలో ఆమె ఉండరంటే, ఇక నేనెవరితో వాదించాలో తెలియడం లేదు.

ఈ మధ్య నాలుగైదు నవలల కింద, పాఠకుల వరుసలో, ఒక కొత్త మాట కనిపిస్తోంది: ‘మావారు సగంలో నిద్రపోయారు’. అది ఎవరు వ్రాశారో మాకు తెలియదు. తెలిసే వీలు లేకుండా చేసినది మేడంగారే.

అభినందన సభలో మొదటి వరుసను అలంకరించనున్న మాస్టారుగారికి ఆ నవలల రెండో సగాలను మెలకువగా వినేంత ఆరోగ్యమూ, మేడంగారికి వాటిని చదివి వినిపించేంత కంఠబలమూ, ఆ దంపతులిద్దరికీ మన బీరువాలన్నీ పూర్తి చేసేంత నిండు ఆయుష్షూ కలగాలని మనసారా కోరుకుంటున్నాను.