మీటర్ బాబాయ్ హెడ్‌లైట్లు ఓవెన్లో పెట్టిన వైనం

బేకరీ అన్న హెడ్‌లైటు తెరిచాడు గానీ మూయలేకపోయాడు. ఆయన వ్యాన్ ఎడమ లైట్లో నెల రోజులుగా నీళ్ళు నిలుస్తున్నాయి. రోజూ తెల్లవారకముందే రొట్టెలు వేసుకుని ఆసుపత్రికీ, హాస్టళ్ళకీ తిరగాలి. మొన్న ఆ మసక వెలుతురులో ఎదురుగా వస్తున్న సైకిలాయన కనపడలేదట, వెంట్రుకవాసిలో తప్పింది. ఇంటికొచ్చీ రాగానే అన్న రెండు లైట్లూ సరిగ్గా వెలిగితే తప్ప వ్యాన్ తియ్యనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ పాత మోడల్‌కి కొత్త లైటు వారానికి గానీ రాదన్నారు. అంతదాకా ఆసుపత్రిలో వాళ్ళకి పొద్దున్నే రొట్టె ఎవరిస్తారు? అందుకని నిన్న రొట్టెలు కాల్చడం అయ్యాక, ఓవెన్ని కాస్త చల్లారనిచ్చి, ఆ మిగిలిన వేడిలో లైటు పెట్టి ముందరి అద్దం ఊడదీశాడు. నీళ్ళు పారబోసి లోపల తుడిచాడు. తీరా అద్దం మళ్ళీ పెట్టబోతే కూర్చోదు, సందులో చాకు దూరుతోంది.

"ఈ పని ఇంట్లో చేశానని చెప్పుకునేవాడు మన వీధిలో ఒక్కడే ఉన్నాడు," అంటూ రెండు ముక్కల్నీ రొట్టెల ట్రేలో పెట్టి, పైన గుడ్డ కప్పి, సాయంత్రం నా టీ కొట్టుకి తెచ్చాడు.

ఆ ఒక్కడూ మీటర్ బాబాయ్. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి అంకెలు రాసుకోవడం ఆయన ఉద్యోగం. ఉద్యోగంలో ఒక్క అంకె తప్పు రాయడు, బయట ఒక్క అంకె సరిగ్గా చెప్పడు. మంచివాడే, నాకు ఇష్టం కూడా. కాకపోతే ఆయన నోరు తెరిస్తే స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా నాకు కనపడవు.

బాబాయ్ వచ్చేసరికి బెంచీ మీద అన్నా, పక్క కొట్టు టైలరక్కా ఉన్నారు.

"బాబాయ్, అప్పుడెప్పుడో కారు లైట్లు ఓవెన్లో పెట్టి తెరిచావట కదా," అన్నాడు అన్న. "తిరిగి ఎలా మూశావో కాస్త చెప్పు."

బాబాయ్ గ్లాసు అందుకుని బెంచీ మధ్యలోకి జరిగాడు.

"మూయడం దగ్గరికి వస్తాలే అబ్బాయ్, ముందు తెరవడం విను. నా కారు లైట్లు పసుపెక్కి ముసలాడి కళ్ళలా అయిపోయాయి, మెకానిక్‌ని అడిగితే మొత్తం మార్చాలన్నాడు, ఏమయ్యా, కంట్లో పొర వస్తే తలకాయ మారుస్తావా అని అడిగి వచ్చేశా. మీ పిన్ని వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళిన రోజు చూసుకుని బంపర్ ఊడదీశా, లైట్లు రెండూ బయటికి లాగా, బల్బులు తీశా, వెనకాల రబ్బరు మూతలు తీశా, స్క్రూలన్నీ ఉప్పు డబ్బా మూతలో వేశా, ఒక్క స్క్రూ పోయినా పరువు పోతుంది కదా మరి. ఓవెన్లో పెట్టా. తొంభై డిగ్రీలు, పది నిమిషాలు. అద్దం మెత్తగా ఊడి చేతిలోకి వచ్చింది. ఇందులో పెద్ద గొప్పేం లేదు."

"ఆ లెక్క సరిగ్గానే ఉంది," అని అన్న నా వైపు చూశాడు. ఆయన మొహంలో ఆశ చూస్తే నాకూ ప్రాణం లేచొచ్చింది. "మరి మూయడం?"

"అక్కడికే వస్తున్నా. లోపలంతా నల్లరంగు వేశా, చుట్టూ ఉంగరంలా వెలిగే తెల్లటి దీపం బిగించా. సాయంత్రం స్విచ్ వేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురింటి గోడ మీద పడిందమ్మా వెలుతురు, ఆ గోడకి ఇన్నేళ్ళుగా వేసిన రంగులు నాలుగు పొరలూ విడివిడిగా కనపడ్డాయి, వాటన్నిటి కింద ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ బొగ్గుతో వేసుకున్న ఇటుకల లెక్క కూడా కనపడింది. కూడిక తప్పు."

"ఎంత తప్పు?" అంది టైలరక్క.

"పదిహేడు ఇటుకలు. అందుకే ఆ గోడ కాస్త ఒరిగి ఉంటుంది, రేపు చూడు. ఇంకా వినండి, మేడ మీద ఆవిడ అప్పుడే ఉతికి ఆరేసిన దుప్పట్లు చూస్తుండగానే ఎండిపోయాయి. ఎండిపోవడమే కాదు, ఆవిడ పైనుంచి వంగి, అన్నయ్యా, కాస్త దగ్గరికి తెస్తే ఇస్త్రీ కూడా అయిపోతుంది అంది. పాపం ఆడకూతురు అడిగింది కదా అని కారు రెండడుగులు ముందుకి తీశా."

"బాబాయ్," అన్నాడు అన్న, "ఇంతకీ ఓవెన్ ఎంత వేడి అన్నావ్?"

"మూడు వందలు."

"ఇందాక తొంభై అన్నావ్."

"అది ఎడమ లైటుకయ్యా. కుడిది మొండిది."

అన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. మూడు వందల్లో రొట్టే బొగ్గవుతుంది, ఇక ప్లాస్టిక్ లైటు సంగతి ఆయనకొకరు చెప్పాలా? నాకు ఒళ్ళు మండింది. అయినా చెవులు మాత్రం బాబాయ్ వైపే ఉన్నాయి, ఏం చెయ్యను?

"మర్నాటి నుంచి ఇంకో విచిత్రం," అని బాబాయ్ అందుకున్నాడు. "నేను మలుపు దగ్గరికి రాకముందే నా వెలుతురు మలుపు తిరిగి, అవతల ఎవరొస్తున్నారో చూసుకుని, వెనక్కొచ్చి నిలబడేది. రానురాను దానికి తొందరెక్కువైంది. నేను ఇంట్లో చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే అది ఆఫీసుకి చేరిపోయి హాజరు వేయించుకునేది. మా పై ఆఫీసరు దాన్ని చూసి కుర్చీలోంచి లేచేవాడు, నేనొస్తే లేవడు."

"సెలవు కావాలంటే ఎవరు పెట్టాలి, నువ్వా అదా?" అంది టైలరక్క.

"నవ్వు, నవ్వు. అసలు సంగతి ఇప్పుడుంది. ఒకరోజు తెల్లారగట్ల ఊరికే స్విచ్ వేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సూర్యుడు ఆ వేళ పదకొండింటికి గానీ రాలేదు. ఎలాగూ వెలుతురు ఉంది కదా, తొందరేముందిలే అనుకున్నాడు. అలా వారం రోజులు. ఊళ్ళో ఎవరూ లైటు వేసుకోవట్లేదు, మీటర్లన్నీ వెనక్కి తిరుగుతున్నాయి, అంకెలు రాయబోతే సున్నా దాటి కిందికి పోతున్నాయి. పెద్దాఫీసర్లు మా ఇంటికొచ్చి నా చేతులు పట్టుకుని, అయ్యా, మా సంస్థ మూతపడేలా ఉంది, నీ ఉద్యోగం కూడా ఇందులోనే కదా అన్నారు. కాదనలేక ఆ ఉంగరం దీపాలు పీకేసి పాత బల్బులే బిగించా. ఇప్పుడు నా కారుకి పసుపు లైట్లు ఎందుకున్నాయో అర్థమైందా?"

టైలరక్క పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. అన్న నవ్వలేదు. ట్రే ఎత్తి బాబాయ్ ఒళ్ళో పెట్టి, గుడ్డ తీశాడు.

"నీ సూర్యుడు ఎన్నింటికొచ్చినా నాకు ఫర్వాలేదు బాబాయ్. నేను ఆయనకంటే ముందు బయల్దేరాలి. ఇది ఎలా మూయాలో చెప్పు."

బాబాయ్ అద్దాన్ని తిప్పి చూశాడు, వెనక డిప్ప తిప్పి చూశాడు. అంచు మీద వేలు పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుని, వేలి చివర చూసుకున్నాడు.

"ఇదేంటి అబ్బాయ్, చుట్టూ ఈ నల్లటి బంక?"

అన్న తన రెండు చేతులూ చాపాడు. గోళ్ళ సందుల్లో, వేలి గీతల్లో అదే నలుపు.

"అద్దాన్ని పట్టుకుని ఉండేది ఇదే బాబాయ్. వేడికి తీగలు తీగలుగా సాగుతుంది. నిన్నటి నుంచి సబ్బుతో రుద్దుతున్నా, కిరసనాయిలుతో రుద్దుతున్నా, వదల్లేదు. చేతులకి తొడుగులేసుకుని పిండి కలుపుతున్నా. ఒక్క లైటుకే నాకిలా ఉంటే, రెండు తెరిచినవాడివి, నీకు దీని పేరు కాదు కదా, మొహం కూడా తెలియదా?"

బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆయన్ని అలా చూడటం నాకు బాధగానే అనిపించింది.

"నేను తెరవలేదురా," అన్నాడు చివరికి. "ఒక మెకానిక్ షెడ్డులో మీటర్ చూడ్డానికి వెళ్తే అక్కడ లైట్లు తెరుస్తున్నారు, గుమ్మంలోంచి చూశా. మూసేదాకా ఉందామనే అనుకున్నా, ఇంకా నలభై ఇళ్ళు తిరగాలి, వచ్చేశా. పోయినేడు ఆ షెడ్డు కూడా ఎత్తేశారు."

అన్న ట్రే తీసుకోబోయాడు. బాబాయ్ వదల్లేదు. బంకని మళ్ళీ వేలితో నొక్కుతున్నాడు, ఈసారి మెల్లగా.

"ఇది చల్లారాక గట్టిపడిందంటావా?"

"ఆఁ."

"మళ్ళీ వేడి తగిలితే మెత్తబడదా? రెండూ వేడి చేసి, మెత్తగా ఉండగానే నొక్కేస్తే అతుక్కోదా?"

బాబాయ్ ఏదైనా నిజంగా తెలుసుకోవాలని అడగడం నేను వినడం అదే మొదటిసారి.

"ఓవెన్లోకి పోయింది మళ్ళీ పిండి కాదు కదా బాబాయ్," అన్నాడు అన్న. "ఇరవయ్యేళ్ళుగా అదే చూసిన బుర్ర నాది. వేడికి విడిపోయింది వేడికే అతుక్కుంటుందని తట్టనే లేదు."

కొట్టు కట్టేసి నేనూ, టైలరక్కా వాళ్ళతో బేకరీకి వెళ్ళాం. అన్న ఓవెన్లో చెయ్యి పెట్టి వేడి చూసుకుని, రెండు ముక్కల్నీ పది నిమిషాలు ఉంచి తీశాడు. బంక మెరుస్తోంది. అద్దం గాడిలో పెట్టి, మందపాటి గుడ్డలు చుట్టిన బాబాయ్ చేతులు దాని మీద పెట్టించాడు.

"బలంగా నొక్కి పట్టుకో. చల్లారేదాకా ఒక్క పిసరు కదిలినా మళ్ళీ లోపలికి నీళ్ళు పోతాయి."

పావుగంట తర్వాత టైలరక్క చెంబెడు నీళ్ళు పోసి చూసింది. లోపలికి చుక్క పోలేదు. మర్నాడు తెల్లవారకముందే వ్యాన్ రెండు కళ్ళతో ఆసుపత్రికి వెళ్ళొచ్చింది.

ఈ సంగతి నేను కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాను. లైటుని ఓవెన్లో పెట్టారంటే నమ్ముతున్నారు, మళ్ళీ అతుక్కుందంటే నమ్ముతున్నారు. ఆ పావుగంటా మీటర్ బాబాయ్ పెదవి కదపలేదంటే మాత్రం, కోతలు చాలించి టీ పొయ్యమంటున్నారు.