గోడలు ఆరాక

బస గదుల మేడలో, కింద అందరూ భోంచేసే హాల్లో ఒక మూల ఇద్దరు కూర్చున్నారు: ఇంట్లోనే బట్టలు కుట్టుకుని బతికే ఒంటరి ఆవిడ, ఆవిడ అద్దింట్లో జరిగిన నష్టం చూడటానికి బీమా కంపెనీ పంపిన సర్వేయరు.

"...అదే చెప్తున్నా, ఇక్కడ నిద్రెక్కడిది నాయనా? పక్కగదిలో ఆ రిటైరైన డ్రైవరు తెల్లారకముందే దగ్గు అందుకుంటాడు. దగ్గి ఊరుకుంటాడా? తలుపు కొట్టి, 'టైలరమ్మా, లేచావా' అంటాడు. లేవక చస్తానా."

"ఇబ్బందేనమ్మా."

"ఎదురుగదిలో నర్సు. డ్యూటీ దిగి వస్తూనే నా మంచమ్మీద కూలబడి వార్డులో సంగతులన్నీ ఏకరువు పెడుతుంది. జాకెట్టు చేతులు బిగుతయ్యాయి, కాస్త చూడమంటుంది. ఇక్కడికొచ్చినా కుట్టు తప్పలేదు."

"మిషను లేకుండానా?"

"చేతికుట్టే. మిషను నీళ్ళపాలైందిగా."

"కొత్తది మంజూరైందమ్మా. పరుపు, బీరువా, బట్టలు కూడా. అది చెబుదామనే వచ్చాను."

"అన్నీనా? ఇంటాయన మాత్రం ఏమన్నాడో తెలుసా? దారం కొందామని అలా వెళ్ళి ఇలా వచ్చేలోపు వాషింగ్ మిషను పైపు ఊడి, పాములా ఎగిరెగిరి గదంతా చిమ్మేసింది. పరిగెత్తుకెళ్ళి ఆయనకి చెప్తే, 'నా బీమా నా గోడలకీ నా కప్పుకీ అమ్మా, నీ సామాను నీది' అన్నాడు. గోడలు ఆయనవట, తడి నాదట."

"ఆయన అన్నది నిజమేనమ్మా. చాలామంది అక్కడే పొరబడతారు. ఇంటాయనకి బీమా ఉంటే మనకీ ఉన్నట్టే అనుకుంటారు."

"నేనూ ఆ బాపతే. అక్క ఈ పాలసీ కడుతుంటే ఎగతాళి చేసేదాన్ని. అద్దె కొంపకి బీమా ఏంటే, ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడిలా, అని."

"ఆవిడేమనేవారు?"

"ఏమంటుంది. 'గోడలు ఎవరివైతే ఏంటే, మధ్యలో బతికేది మనమేగా' అనేది. పోయినేడు తను పోయాక ఆపేద్దామనే అనుకున్నా. చెయ్యి రాలేదు. అక్క కట్టేది కదా అని కట్టా, అంతే. తెలివుండి కట్టలేదు నాయనా."

"ఎలా కట్టినా అక్కరకొచ్చింది. కింద వాచీల కొట్టాయన..."

"ఆయన ఊసెత్తకు. నా గదిలో నీళ్ళు కిందికి దిగి ఆయన కొట్టంతా తడిసింది. ఆయన ఎదురైతే సందులోకి తప్పుకుంటున్నా. మొహం ఎలా చూపించను?"

"ఇక తప్పుకోనక్కర్లేదు. మీ ఇంట్లోంచి వెళ్ళిన నీళ్ళవల్ల ఆయనకైన నష్టం కూడా మీ పాలసీలోనే వస్తుంది. నిన్న వెళ్ళి చెప్పాను. ఆవిణ్ణి అడగలేక, ఊరుకోలేక నలిగిపోయానండీ అన్నాడు."

"అలా అన్నాడా? పాపం. మరి... వానకి వీధి పొంగి నీళ్ళొచ్చుంటే? అప్పుడూ ఇంతేనా?"

"వరదైతే మీ పాలసీలో రాదు, విడిగా చేర్పించుకోవాలి. ఎన్నాళ్ళుగానో కారుతున్న పైపుని పట్టించుకోకపోయినా ఒప్పుకోరు. ఇది ఉన్నట్టుండి ఊడింది కాబట్టి సరిపోయింది."

"ఈ గది కూడా దాన్లోదేనన్నావు."

"అవునమ్మా. ఇల్లు మళ్ళీ ఉండటానికి పనికొచ్చేదాకా బస ఖర్చు బీమా కంపెనీదే."

"బసే బస. ఆ వంటావిడుంది చూశావా, నేను తినకుండా మెట్లెక్కితే గిన్నె పట్టుకుని వెంటపడుతుంది. ప్రశాంతంగా పస్తుండే యోగం కూడా లేదు నాకు. సాయంత్రమైతే ఈ బల్ల చుట్టూ పేక. నన్నూ లాక్కొచ్చి కూలేశారు. ముక్కలు పట్టుకోవడమే రాదు నాకు."

"ఓడిపోతున్నారా?"

"మొన్న గెలిచాననుకో."

"మీ బాధ చూడలేకే రంగుల మేస్త్రీని కూర్చోనివ్వలేదమ్మా. ఇంకా చాలా రోజులు పడుతుందన్నాడు. ఫోను మీద ఫోను చేసి ప్రాణం తోడేశాను. మొత్తానికి ఇల్లు సిద్ధం. రేపే వెళ్ళిపోవచ్చు మీరు."

"రేపా."

"రేపే. మీ గది మీది, మీ తలుపు మీది. దగ్గేవాడుండడు, పిలిచేవాడుండడు. హాయిగా పడుకోండి."

"ఊఁ. ఎవరూ ఉండరు. గోడలు ఆరాయా మరి?"

"ఆరాయమ్మా."

"కిటికీ కింద మూల? అక్కడ ఎండ పడదు."

"అక్కడా ఆరింది. తడి కొలిచే మీటరు పెట్టి చూశాను."

"రంగు వాసన?"

"పోయింది. తలుపులు బార్లా తీయించాను."

"అక్క మంచం పారేశారా?"

"చెక్క ఉబ్బి విడిపోయిందమ్మా. దాని బదులు ఇంకోటి అడగొచ్చు మీరు. కావాలని చెప్పలేదుగా, అందుకని..."

"వద్దులే. ఒక్కదానికి ఒకటి చాలు. తను పోయాక కూడా దాని మీద దుప్పటి మార్చేదాన్ని. మాసేది కాదు. ఊరికే మార్చేదాన్ని. వేడిగా టీ ఏమన్నా తాగుతావా?"

"వద్దమ్మా. వింటే సంతోషిస్తారనుకున్నాను. ఏదన్నా తక్కువైందా?"

"తక్కువా? ఏం లేదు నాయనా. కన్నకొడుకు చేసినట్టు చేశావు. నువ్వు అంతలా వాళ్ళ వెంటపడుతున్నావని తెలిస్తే..."

"తెలిస్తే?"

"ఏం లేదు. నీకు ఆలస్యమవుతుందేమో."

"పర్లేదమ్మా. అడగాలనుకున్నది అడగండి."

"ఈ గదులు నెలవారీగా కూడా ఇస్తారట. వంటావిడ అంది."

"ఇస్తారమ్మా. ఆ డ్రైవరుగారు అలా ఉంటున్నవారే అనుకుంటా. ఎందుకు?"

"మరి... నేనూ ఇక్కడే అద్దెకుండిపోతే, అక్క కట్టిన ఆ బీమా ఈ గదికి మార్చి రాస్తారా నాయనా?"