రహస్యాన్ని రేడియోలో చదివినవాడు

మైకు కాస్త కిందికి దించండి నాయనా. నేను పొట్టిదాన్ని. ఇంకొంచెం. ఆ, చాలు.

అటార్నీ క్రిసాంతో గాలెగో కోసం పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ దండాలు. ఫాదర్ గారికి, మా బజారు జనానికి, రేడియో వాళ్లకి, కోర్టు గుమాస్తాలకి, అందరికీ. చివరి వరసలో తెల్ల చొక్కాలు ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నారే, దీపసంఘం సోదరులు, వాళ్లకి కూడా. ఏం బాబూ, ఉలిక్కిపడ్డారా? పేరెత్తితేనే అంత భయమైతే ఎందుకొచ్చినట్టు?

నన్నెరగనివాళ్ల కోసం చెప్తున్నా. నా పేరు లియోనిలా పల్మారెస్. బజారంతా లూనింగ్ అంటారు. లా పాస్ బజారు పక్కన నూడుల్స్ కొట్టు నాదే. నా కొడుకు ఆర్విన్. మా వీధికంతటికీ వాడు టోటో. ఆరేళ్ల కిందట కాలేజీలో అడుగుపెట్టిన మొదటి ఏడాదే ఈ దీపసంఘమనే రహస్య సోదర సంఘంలో చేరబోయాడు. శవమై ఇంటికొచ్చాడు. ఇదిగో, ఈ పెట్టెలో పడుకున్న మనిషి కూడా ఆ సంఘం సోదరుడే. నలభై ఏళ్ల సోదరుడు. నా కొడుకు కోసం ఆ సంఘం గుట్టు రట్టు చేశాడు. పోయిన మంగళవారం పట్టపగలు, నా కొట్టులో, నా కళ్లముందే ఆయన్ని కాల్చేశారు. ఇదీ సంగతి. నాకు ఏడుస్తూ మాట్లాడటం రాదు. తిడుతూ మాట్లాడతాను, ఓర్చుకోండి.

ఆ పెట్టె మీద కోడిపిల్లను చూశారు కదా. హత్యకు గురైనవాళ్ల పెట్టె మీద పెడతాం. ఒక్కో బియ్యపు గింజ పొడిచినప్పుడల్లా చంపినవాడి గుండెల్లో పొడుస్తుందంటాం. ఫాదర్ గారు మొహం చిట్లించారు గానీ తీసేయమనలేదు. ఆయనకి నా నమస్కారం.

మొదటిసారి ఆయన నా కొట్టుకొచ్చింది టోటోని పూడ్చిపెట్టిన వారానికి. వేలికి ఆ సంఘం ఉంగరం. చూడగానే నా ఒళ్లు భగ్గుమంది. గరిటెడు వేడి పులుసు ఎత్తి ఛాతీ మీద పోశాను! కాలింది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఆయన కదల్లేదు. తుడుచుకోలేదు. ఒక్కటే అడిగాడు. "లూనింగ్, అబ్బాయి అరచేతులు చూశావా?"

చూడకేం? వాణ్ణి కడిగింది నేనే. తొడలు చెప్పనా మీకు? వెనక నుంచి మోకాళ్ల దాకా కాల్చిన వంకాయల్లా నల్లగా కమిలిపోయాయి. వేలు ఆనిస్తే చర్మం జారింది. మూత్రపిండాలు పగిలాయని డాక్టర్ చెప్పాడు. ఇంత చూసినదాన్ని అరచేతులు చూడనా? రెండింటి నిండా బొబ్బలు, మైనం పెళ్లలు. ఇవేంటని అడిగితే ఎవరూ చెప్పలేదు.

ఆయన చెప్పాడు. కళ్లకు గంతలు కట్టి, చేతుల్లో వెలిగే కొవ్వొత్తి పెడతారట. ఏడు తలుపులు దాటిస్తారట. ప్రతి తలుపు దగ్గరా వెనక నుంచి చెక్క తెడ్లతో కొడతారట. కొవ్వొత్తి పడిందా, మళ్లీ మొదటి తలుపు. "వద్దు, నన్ను ఇంటికి పంపండి" అన్నావా, మళ్లీ మొదటి తలుపు. విన్నారా తల్లులారా? వద్దన్నవాణ్ణి వదలరు. వద్దన్నందుకే మళ్లీ మొదలుపెడతారు. నా టోటో చేతులు కాలుతున్నా ఆ కొవ్వొత్తి వదల్లేదు. అది చెప్పి ఆ ముసలాయన నా బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చాడు. "పదేళ్లు ఆ తలుపుల దగ్గర ఆచారపు మాటలు చదివింది నేనే లూనింగ్. నేను చదువుతుంటే వాళ్లు కొట్టేవాళ్లు" అన్నాడు.

నేను క్షమించానా? లేదు. ఇంకో గరిటె పోయాలనిపించింది. కానీ నోరు తెరిచి నిజం చెప్పిన మొదటి మనిషి ఆయనే. ఏం చేయను?

నలుగురు కుర్రాళ్ల మీద కేసు పెట్టారు. కోర్టులో సంఘం పెద్దలేం చెప్పారో గుర్తుందా? "కొట్టడం మా ఆచారంలో లేదు. మాది సేవ, సోదరభావం. ఎవరో తాగిన కుర్రాళ్లు సొంత తెలివితో చేసిన వెధవపని" అని. జడ్జి గారు ఆచారం చెప్పమంటే, అది రహస్యం, ప్రమాణం చేశాం అన్నారు. వాళ్ల రహస్యం చల్లగా ఉండాలి, నా కొడుకు మాత్రం మట్టిలో ఉండాలి!

అప్పుడు ఆయన ఆ పని చేశాడు. రాసిన పుస్తకం ఏదీ లేదు, అంతా కంఠతా వచ్చిందే కదా. పొద్దున్నే ఆరు గంటల వార్తల్లో రేడియోలో కూర్చుని, మొదటి తలుపు నుంచి ఏడో తలుపు దాకా మొత్తం అప్పజెప్పాడు. వరసగా వారం రోజులు. జీపుల్లో, చేపల బజార్లో, మంగలి దుకాణాల్లో అదే గొంతు. "ఎవరక్కడ చీకట్లోంచి తలుపు కొట్టేది?" అని ఆయన అనగానే నా కొట్టులో చెంచాలు ఆగిపోయేవి. వద్దన్నవాణ్ణి మొదటి తలుపుకి తీసుకెళ్లమన్న మాట వచ్చినప్పుడు చేపలమ్మే ఇస్కాంగ్ కత్తి కిందపడేసి బండబూతులు తిట్టింది. నాకు కడుపు నిండింది.

రెండో వారానికి బజారు పిల్లలు అదే ఆటగా ఆడుతున్నారు. సంఘం ఉంగరంతో ఎవడైనా చేపలు కొనడానికొస్తే చాలు, "ఎవరక్కడ చీకట్లోంచి తట్ట దగ్గరికొచ్చేది? మొదటి తట్టకి పో!" అని ఇస్కాంగ్ గొంతెత్తేది. ఉంగరాలు జేబుల్లోకి పోయాయి. వందేళ్ల రహస్యం చేపల బేరంలో కలిసిపోయింది. నవ్వండి, పర్లేదు. ఆయన కూడా నవ్వేవాడు.

రాత్రులు ఆయన ఇంటిమీద రాళ్లు పడేవి. కుక్కను చంపి గేటుకి వేలాడదీశారు. ఇద్దరు పట్టుకుని చెక్క తెడ్డుతో చెయ్యి విరిచారు. కట్టు కట్టుకుని మళ్లీ రేడియోకి వెళ్లాడు.

అప్పుడు సంఘం ఏం చేసింది? దావా వేసింది! ఆ మాటలు మా పూర్వీకులవి, మా ఆస్తి, మా అనుమతి లేకుండా చదవడం దొంగతనం, చట్టం మాకు రక్షణ ఇవ్వాలి అని. ఆయన కనీసం ఎదురు వాదించలేదు. లేచి, "అయ్యా, నాకు అభ్యంతరం లేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా వాళ్లదేనని ప్రమాణం చేసి చెబితే ఇప్పుడే నోరు మూసుకుంటాను" అన్నాడు. నేను వెనక బెంచీలో పళ్లు పటపట కొరికాను. ముసలాడు అమ్ముడుపోయాడు అనుకున్నాను. వాళ్ల అధ్యక్షుడు ఛాతీ విరుచుకుని లేచి, బైబిల్ మీద చెయ్యి పెట్టాడు. "ప్రతి మాటా మాదే. ఒక్క అక్షరం కూడా ఆయన కల్పించింది కాదు" అన్నాడు. రాసి సంతకం కూడా పెట్టాడు.

ఆయన ఓడిపోయాడు. ఇక రేడియోలో చదవకూడదన్నారు. బయటికొచ్చి పగలబడి నవ్వాడు. "లూనింగ్, కొట్టమన్న మాట కూడా వాళ్లదేనట! ఒట్టేసి ఒప్పుకున్నారు!" అన్నాడు. ఆ సంతకం నకలు పట్టుకుని నా కొడుకు కేసు నడిచే కోర్టు గదికి వెళ్లాడు. ఆ రోజు ఆ నలుగురు కుర్రాళ్ల మొహాల్లో నెత్తుటిచుక్క లేదు.

నా కొట్టులో ఎప్పుడూ రోడ్డుకి ఎదురుగా కూర్చునేవాడు. "వెనక నుంచి కొట్టడం మావాళ్ల అలవాటు, అందుకే" అనేవాడు. మంగళవారం ముందు నుంచే కొట్టారు. మోటారుసైకిల్ మీద ఇద్దరు, హెల్మెట్లు. మొదటి గుండు గొంతులోకి పోయింది. గొంతులోకే. ఆ గొంతే కదా వాళ్లకి కావలసింది. నేను అప్రన్ నొక్కిపెట్టాను. నెత్తురు నా వేళ్ల సందుల్లోంచి పులుసులోకి కారింది. ఏదో చెప్పబోయాడు. గాలి తప్ప మాట రాలేదు. దొంగతనం అంటున్నారు పోలీసులు. జేబులో పర్సు జేబులోనే ఉంది. థూ!

నిన్న సాయంత్రం ఈ సంఘం వాళ్లొచ్చి, మా సోదరుడికి మా రహస్య కర్మ చేస్తాం, అరగంట అందరూ బయటికెళ్లండి, తలుపులు మూసుకుంటాం అన్నారు. ఆయన భార్య ఫెలీసా గడపలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "నా మొగుడు పోయింది తలుపులు తెరిచినందుకు. ఇప్పుడు మూయనిస్తానా?" అంది. ఆ తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి, చూడండి.

సోమవారం కేసు వాయిదా. ఆయన సాక్ష్యం సగంలో ఆగింది. సగం సాక్ష్యం చెల్లదంటున్నాడు వాళ్ల వకీలు. సంతకం చేసిన కాగితం ఉంది, నిజమే. కానీ కాగితం ఆ రోజు ఆ గదిలో లేదు. ఉన్నవాడు ఒకడు చెప్పాలి. లేకపోతే ఆ నలుగురూ సోమవారం నా కొట్టు ముందు నుంచే ఇళ్లకెళ్లిపోతారు.

రోడెల్, తల దించుకోకు. నిన్నే. చివరి వరసలో, కుడివైపు. నువ్వూ టోటో ఒకే రోజు చేరడానికి వెళ్లారు. వాడి వెనక తలుపులో నిలబడ్డది నువ్వే. నా ఇంట్లో వాడి చాప మీద పడుకున్నావు, నన్ను కూడా నానయ్ అని, అమ్మా అని పిలిచావు. వాడు ఎన్నిసార్లు వద్దన్నాడు? ఎవరి గొంతు "మళ్లీ మొదటికి తీసుకెళ్లండి" అంది? నీ కళ్లకు గంతలు కట్టారు, ఒప్పుకుంటాను. చెవులకు కట్టలేదు కదా బాబూ! నీ తొడల మీద మచ్చలు కూడా నాకు తెలుసు. నిన్ను తిట్టను. నా కొడుకుతోపాటు దెబ్బలు తిన్నవాడివి నువ్వు.

ఇక అందరూ లేవండి. మౌనం పాటిద్దాం. మౌనం అంటేనే నాకు ఒళ్లుమంట. ఆరేళ్లుగా వీళ్లు పాటించింది అదే. కానీ ఒక్కడి మాట వినబడాలంటే మిగతావాళ్లం ఊరుకోవాలి కదా. అందుకు లేవండి. ఫెలీసా, నువ్వు కూర్చోమ్మా. పిల్లల్ని ఆపండి. ఆ కోడిపిల్ల అరుపు ఒక్కటీ ఉండనివ్వండి.

ఎవరది, కుర్చీ జరిగింది? లేచావా రోడెల్?

దారివ్వండి. ఓయ్, వాడి చొక్కా వదులు. వదులంటున్నానా! రా నాన్నా, రా. మైకు పైకి జరుపుకో, నువ్వు పొడుగు. మేమంతా నిలబడే ఉంటాం, ఎవరం మాట్లాడం. చెప్పు.