గట్టు మీద ఒట్టు

పసిఫిక్ సముద్రం నడుమ రారోటాంగా దీవిలో జనం అంతగా రాని ఒక కొండ కొమ్ము. న్యూజీలాండ్‌లోని హామిల్టన్ నుంచి సెలవులకి వచ్చిన నాగమణి, పదకొండేళ్లుగా మనసులో మోస్తున్న సందేహాన్ని భర్త నారాయణ ముందు ఇప్పుడే దించింది.

“చెప్పండి. మీ తమ్ముడు హర్ష ఒక్కసారైనా సారీ ఎందుకు చెప్పలేదు?”

“ఇంత దూరం ఎక్కి వచ్చి ఇప్పుడదా మణీ? అటు చూడు. దీవి చుట్టూ గీత గీసినట్టు ఆ తెల్లటి నురగ ఉందే, దానికి ఇవతల సముద్రం ఒక రంగు, అవతల ఒక రంగు. ఆకాశం కూడా...”

“చూశాను. పావుగంట నుంచి అదే చూస్తున్నాను. నేనడిగింది హర్ష సంగతి.”

“ఉన్నట్టుండి వాడెందుకు గుర్తొచ్చాడు?”

“ఉన్నట్టుండి కాదు. సిరి కింద కారు దగ్గరే ఆగిపోయిందే, అప్పుడు. ‘మీరు వెళ్ళండి మమ్మీ, ఐయామ్ ఫైన్’ అంది. పద్దెనిమిదేళ్ల పిల్ల కొండ ఎక్కలేక కింద కూర్చుంది, నలభై ఏడేళ్ల దాన్ని నేను ఎక్కొచ్చాను. ఆ కాలు విరగ్గొట్టినవాడు గుర్తుకురాడా?”

“విరగ్గొట్టాడు అనకు. అది యాక్సిడెంట్.”

“స్టీరింగ్ మీద నిద్రపోయి కారుని పొలం కంచెలోకి తోలితే యాక్సిడెంట్ అంటారా? సరే, అనండి. మనిషన్నాక పొరపాటు చేస్తాడు. వదినా, తప్పయిపోయింది అని ఒక్క ముక్క. ఆ ముక్క అనుంటే నేనూ ఎప్పుడో మెత్తబడేదాన్నేమో. తిట్టాను, తలొంచుకుని నిలబడ్డాడు. గడప తొక్కొద్దన్నాను, వెళ్ళిపోయాడు. మళ్ళీ తొక్కనే లేదు. తప్పు చేసినవాడికి అంత పౌరుషమేమిటండీ?”

“నీళ్లు తాగుతావా?”

“వద్దు.”

“ఎండకి నోరు...”

“ఎండెక్కడుంది? మబ్బు పట్టింది. మీరేమిటి, నా వైపు చూడకుండా ఆ దారి వంకే చూస్తున్నారు?”

“కుక్క. ఇందాక వెనక్కి వెళ్ళిందే, మళ్ళీ వస్తుందేమోనని.”

“ఎవరి కుక్కో అది. ఊరికే వెంట వచ్చింది, ఊరికే పోయింది. దానికోసమా ఇంతసేపూ ఎదురుచూపులు?”

“ఇక్కడి కుక్కలంతేట. కొండెక్కేవాళ్లకి తోడు వస్తాయట. ఎవరు ఎక్కుతుంటే వాళ్ల వెంట.”

“అంటే ఇప్పుడు ఎవరో ఎక్కుతున్నారన్నమాట.”

“అయ్యుండొచ్చు.”

“జనం రాని చోటు, మనిద్దరమే ఉంటామన్నారు పొద్దున.”

“అన్నాను.”

“ఏవండీ. ఇటు చూడండి. ఎవరొస్తున్నారు?”

“నువ్వు ముందు ఆ రాయి మీద కూర్చో. అంచున నిలబడకు.”

“ఎవరొస్తున్నారు?”

“హర్ష.”

“ఏ హర్ష?”

“మన హర్షే. హర్షవర్ధన్. మణీ, ఇటు రా. మణీ, ఆ అంచు నుంచి ఇవతలికి రా ముందు.”

“వాడు ఇక్కడెందుకున్నాడు?”

“మూడేళ్లుగా ఇక్కడే ఉన్నాడు. బీచ్ పక్కన హోటల్లో వంట. సిరి వెతికి పట్టుకుంది, ఫేస్‌బుక్‌లోనో ఎందులోనో. ఈ టికెట్లు చూసింది కూడా అదే.”

“అంటే తండ్రీ కూతుళ్లు కలిసి నన్ను కొండెక్కించి ఇరికించారు. కింద చెబితే రానని.”

“వచ్చేదానివా?”

“రాను. ఇప్పుడూ ఉండను. తప్పుకోండి, దిగిపోతాను.”

“ఒకటే దారి మణీ. తాడు పట్టుకుని దిగే చోట వాడే ఎదురొస్తాడు. రాత్రి వానకి మట్టి జారుతోంది, కోపంలో అడుగు వెయ్యకు.”

“ఇన్నేళ్లూ నాకు తెలీకుండా వాడితో మాట్లాడుతూనే ఉన్నారా?”

“లేదు. నిన్ననే. హామిల్టన్‌లోనే రోటోటూనాలో ఇల్లు కట్టుకున్నాం, గృహప్రవేశానికి తోడబుట్టినవాడు లేడు. అప్పుడు కూడా ఫోన్ చెయ్యలేదు. నిన్న మొదటిసారి గొంతు విన్నాను. బుధవారం ఇండియా వెళ్ళిపోతున్నాడు. ఇక ఇటు రాడు. ఒక్కసారి వదినని చూసి వెళ్తానన్నాడు.”

“చూసి ఏం చేస్తాడు? ఇప్పుడు చెబుతాడా సారీ?”

“చెబుతాడేమో.”

“చెప్పనీ. నా దగ్గర పదకొండేళ్ల జవాబుంది. మొత్తం వినిపిస్తాను.”

“వద్దు. వాణ్ణి ఏమీ అనకు. నిన్ను నేనెప్పుడూ ఏదీ అడగలేదు. ఇదొక్కటి. ఏమీ అనకు.”

“ఎందుకనకూడదు?”

“కారణం చెప్పలేను.”

“చెప్పలేనంటే?”

“చెప్పకూడదు. ఒట్టుంది.”

“ఒట్టేమిటి, చిన్నపిల్లల్లా! తీసి గట్టు మీద పెట్టండి. ఇంతకంటే పెద్ద గట్టు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?”

“నేను తీస్తే పోదు. వేయించుకున్నవాడే తియ్యాలి.”

“ఎవరు వేయించుకున్నారు?”

“అదిగో, మాటల్లో పెట్టి...”

“హర్షేనా?”

“నేను అనలేదు.”

“ఎవరి మీద ఒట్టు?”

“మణీ, వద్దు.”

“ఎవరి మీద?”

“సిరి మీద. హాస్పిటల్లో. కాలికి కట్టు కట్టి పడుకోబెట్టారు, మత్తులో ఉంది. పిల్ల తల మీద నా చెయ్యి పెట్టించాడు. ఇక అడక్కు. నీకు నవ్వులాటగా ఉందేమో గానీ, రోజూ దీపం పెట్టేవాణ్ణి. పిల్ల తల మీద అన్న మాట తప్పితే, దానికేమైనా అయితే?”

“నాకు నవ్వులాటేం కాదు. నేనూ ఆ దేవుడికే దండం పెడతాను. కానీ ఒక్కటి చెప్పండి. నిజాన్ని దాచే ఒట్టుకి కూడా ఆయన కాపలా కాస్తాడా?”

“తెలీదు. ఇన్నేళ్లుగా నేనూ అదే అడుగుతున్నాను.”

“ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు.”

“సరే. మీరు నోరు విప్పొద్దు. నేనే మాట్లాడతాను. తప్పు చేసినవాడు మీ చేత ఒట్టు వేయించుకోవడమేమిటి? వాడి తప్పు ఊరందరికీ తెలిసిందే కదా. ఇంకా దాచడానికి ఏముంది?”

“వాన వచ్చేట్టుంది.”

“రానివ్వండి. ఆ రోజు శనివారం. తొమ్మిదింటికి సిరికి స్విమ్మింగ్ క్లాసు. నేను ఏడింటికే షాపు డ్యూటీకి వెళ్ళాను. హర్షకి కాలేజీ సెలవులు. మన ఫ్లాట్‌లో హాల్లో తిని పడుకోవడం తప్ప వేరే పని లేదు. రాత్రంతా గురకపెట్టి నిద్రపోయిన కుర్రాడు, పొద్దున తొమ్మిదింటికి మళ్ళీ స్టీరింగ్ మీద నిద్రపోయాడా?”

“మణీ...”

“మీ పాల ఫ్యాక్టరీలో ఆ వారం నైట్ షిఫ్ట్ ఎవరిది?”

“కళ్లజోడు మీద జల్లు పడింది. గుడ్డేమైనా ఉందా?”

“నైట్ చేసి వచ్చి కారు ముట్టుకోవద్దు, హర్షని నడపమనండి, ముట్టుకుంటే పిల్లని తీసుకుని మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతాను అని మీకు ఎన్నిసార్లు చెప్పాను?”

“చాలాసార్లు.”

“ఇన్నేళ్లూ ఈ లెక్క నేనెందుకు వేసుకోలేదు? కోపం వచ్చినంత వేగంగా బుర్ర పనిచెయ్యలేదు. ఇక తుడిచింది చాలు, కళ్లజోడు పెట్టుకోండి. పెట్టుకుని నన్ను చూడండి.”

“చూడలేను.”

“వదినా... నమస్కారం. నేను హర్షని. గుర్తుపట్టారో లేదో.”

“బట్టతల వచ్చింది నీకు.”

“పొయ్యి దగ్గర వేడి వదినా.”

“ముందు ఊపిరి తీసుకో. ఎందుకంత ఆయాసం?”

“తాడు దగ్గర నుంచి ఒకటే పరుగు. మీరు దిగిపోతారేమోనని. వదినా, ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను. ఎప్పుడో చెప్పాల్సింది. ఆ రోజు నిద్ర ఆపుకోలేకపోయాను. తప్పు నాదే. సారీ వదినా. సిరి కాలు చూసినప్పుడల్లా మీరు నన్ను...”

“ఆపు.”

“పూర్తిగా చెప్పనివ్వండి. పొద్దుట్నుంచీ అనుకుంటూ వచ్చాను.”

“ఆ సారీ నీది కాదు హర్షా. కింద పెట్టు.”

“నాది కాదంటే? అన్నయ్యా, ఏం చెప్పావు?”

“ఏమీ చెప్పలేదురా. ఒక్క ముక్క చెప్పలేదు. సిరి మీద ఒట్టు.”

“మళ్ళీ ఒట్టా! పిల్ల తల ఉన్నది మీ అన్నదమ్ములు ఒట్లు వేసుకోవడానికేనా? హర్షా, ఎందుకు చేశావు?”

“ఏం చేశాను వదినా?”

“ముప్పై నాలుగేళ్లొచ్చాయి, ఇంకా అబద్ధమాడటం రాలేదు నీకు. చెవులు ఎర్రబడుతున్నాయి. ఎందుకు చేశావు?”

“మీరు అన్నంత పనీ చేస్తారు కదా వదినా. అన్నయ్య సంసారం పోతుంది, పిల్ల అటూ ఇటూ కాకుండా పోతుంది. నేనైతే మరిదిని. తిడతారు, నాలుగు రోజులు మాట్లాడరు, ఐదో రోజు ఉప్మా చేసి పిలుస్తారు అనుకున్నాను.”

“నాలుగు రోజులా?”

“లెక్క తప్పాను.”

“మీ అన్నయ్య అయినా ఆ లెక్క దిద్దొచ్చుగా.”

“చెబుదామనుకున్నప్పుడల్లా సిరికి జ్వరమో, దగ్గో. ఒట్టు గుర్తొచ్చి... కాదు. ఇంకా ఎందుకు అబద్ధం. భయం మణీ. ఒట్టు చాటున దాక్కున్నాను. హర్షా, తియ్యరా. నీకు దండం పెడతాను. ఈ ఒక్కటి నా నోటితో నన్ను చెప్పుకోనీ.”

“ఇప్పుడెందుకన్నయ్యా? బుధవారం నేనెలాగూ పోతున్నాను. ఆ మాట విన్నాక వదిన నీ ఇంట్లో ఉండాలి కదా.”

“ఉంటానో లేదో నేను చూసుకుంటాను. తియ్యి.”

“వదినా, ఒకసారి ఆలోచించి...”

“తియ్యి హర్షా.”

“సిరి మీద వేయించుకున్న ఒట్టు తీసేశాను. తీసి గట్టు మీద పెట్టాను. చాలా?”

“మణీ. ఆ రోజు కారు...”

“ఆగండి. పదకొండేళ్లు ఆగారు, ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. ముందు నా వంతు. ఆ బ్యాగు ఇలా ఇవ్వండి. హర్షా, కూర్చో.”

“ఇక్కడా వదినా? అంతా తడిగా...”

“కూర్చోమన్నానా! ఆ రోజు సాయంత్రం నువ్వు హాస్పిటల్ నుంచి వచ్చి అన్నం పెట్టుకున్నావు. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. పప్పన్నం అయింది, చారన్నం సగంలో ఉంది. నేను లోపలికి వచ్చి నిన్ను కంచం ముందు నుంచి లేపేశాను. చెయ్యి కూడా కడుక్కోనివ్వలేదు. ఎంగిలి చేత్తోనే బయటికి వెళ్ళావు.”

“నేనది మర్చిపోయాను వదినా.”

“నేను మర్చిపోలేదు. ఫోన్లో విని మా అమ్మ ఒకటే మాట అంది. ఎంత తప్పు చేసినా, తింటున్నవాణ్ణి లేపుతారటే అని. తప్పు నీదే అనుకున్న రోజుల్లో కూడా ఆ ఒక్కటి గొంతులో ముల్లులా ఉండేది. పైన కోపం కప్పేశాను. ఇదిగో, పెరుగన్నం. ఆ రోజు నుంచి నీకు బాకీ. నంజుకోవడానికి నిమ్మకాయ ముక్క ఉంది. తిను.”

“వదినా...”

“ఏడుస్తూ తినకూడదు. నెమ్మదిగా తిను. ఏవండీ, ఇక మీరు మొదలుపెట్టండి. మొదటి నుంచీ, ఒక్కటీ వదలకుండా. ఒక్క మాట మాత్రం ముందే చెబుతున్నాను. మీరు చెప్పేది విని నాకు ఎంత కోపమొచ్చినా సరే, వాడు చెయ్యి కడుక్కునేదాకా ఇక్కడి నుంచి ఎవరూ లేవకూడదు.”