కరగని స్క్రూలు

నడక నేర్పే ఆయన పొద్దుటినుంచి రెండుసార్లు వచ్చి తిరిగి వెళ్ళిపోయాడు. తుంటి ఎముకకు ఆపరేషనైన అత్తగారు మంచం దిగనంటే దిగనన్నారు. కోడలు మంచం చుట్టూ తెర లాగింది.

"నొప్పిగా ఉందా అత్తయ్యా?"

"నొప్పేం లేదు."

"మరి దిగరేం?"

"పక్క మంచం ఆవిడ ఇంటికెళ్తూ చెప్పింది. నాకు వేసిన, ఒంట్లోనే కరిగిపోయే స్క్రూలు చిన్నచిన్న ఎముకలకేనట. తుంటి మీద పడే బరువుకి ఆగవట. అడుగేస్తే లోపల పుటుక్కుమంటాయేమో."

"అవే కావాలని పట్టుబట్టింది మీరేగా?"

"బట్టలు కుట్టేదాన్ని. కుట్టు పడ్డాక గుండుసూది తియ్యకపోతే గుచ్చుకోదూ? అందుకే కరిగేది నయమనుకున్నాను. ఇప్పుడెవరితో చెప్పుకోను?"

కోడలు నడక నేర్పే ఆయన వదిలివెళ్ళిన వాకరును పక్కకు జరిపి మంచం అంచున కూర్చుంది.

"తిట్టనంటే ఒకటి చెబుతాను."

"చెప్పి చూడు."

"మీరు మత్తులో ఉండగా డాక్టరుగారు బయటికొచ్చారు. ఎముక అనుకున్నదానికంటే ఎక్కువ విరిగింది, కరిగేవి ఆగవు, లోహానివే వెయ్యాలన్నారు. నేను సరేనన్నాను. మీతో చెప్పడానికే నోరు రాలేదు."

"అంటే, లోపలున్నవి?"

"స్టీలువి. మామూలుగా తియ్యక్కర్లేదట, గుచ్చుకోవట."

అత్తగారు గుండెల నిండా ఊపిరి తీసుకుని దుప్పటి పక్కకు నెట్టారు.

"ఆ వాకరు ఇటు జరుపు."

మెల్లగా లేచి నిలబడ్డారు. కాలు బరువుకి ఆగింది.

"అయితే నా మాట కాదన్నావన్నమాట."

"తప్పలేదు అత్తయ్యా."

"మళ్ళీ ఎప్పుడైనా ఇలా మొండికేస్తే, నా మాట వినకు."

"వినకపోతే తిడతారుగా."

"తిడతాను. అయినా వినకు."