తనిఖీ చేసేవారు

సకలజనుల సమ్మె ముగిసిన వారానికి, సిరిసిల్లలో తమ మరమగ్గాల షెడ్డులో, ఆమె కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మరిది ఎదురుగా నిలబడ్డాడు.

"ఐఎస్‌వో సర్టిఫికెట్‌కు గీ రెడీమేడ్ కాగితాలు పనికిరావు వదినె. ఎవలో మందుల కంపెనీకి రాసుకున్నయి. మన మగ్గాల, గీ సాంచల ముచ్చటే లేదు వీట్ల."

"ఖాళీలల్ల పేర్లు నింపుడే గద. మీ అన్న నింపిండు."

"కోరుట్ల కన్సల్టెంట్ సారును పిలుస్త. బస్సులు నడుస్తున్నయి. షెడ్డుకచ్చి, మనం చేసే పని చూసి రాస్తడు."

"వద్దు."

"సర్టిఫికెట్ లేకుంటె స్కూలు బట్టల ఆర్డర్ పోతది."

"ఆయన అచ్చి ఏమడుగుతడు?"

"గుడ్డ ఎవరు చూస్తరు, పోగు తెగినకాడ ఎవరు గుర్తు పెడతరు, గవే."

ఆమె బల్ల మీది గుడ్డ తాను వైపు చూసింది. పోగు తెగినచోట భర్త సుద్దముక్కతో గీసిన గీత ఇంకా చెరగలేదు.

"గీ కాగితంల 'తనిఖీ చేసేవారు' అన్నకాడ అన్న పేరే ఉన్నది. తీసి నీ పేరు రాయాలె."

"నువ్వు రాయి."

"సమ్మెల బస్సుల్లేవని జగిత్యాల సభకు అన్నను ట్రాక్టర్ ఎక్కిచ్చిందే నేను. అది బోల్తా పడ్డంక పానం పోయిన అన్నను లేపింది నేను. నాకు చెయ్యెట్ల అస్తది వదినె?"

"సారు అచ్చి, ఈ మనిషేడి అని అడుగుతడు తమ్మీ. కాగితం అడుగది."

"రేపు ఆడిట్‌కు అచ్చేటోళ్లు అడుగరా?"

"అడుగుతరు. గా దినం చెప్త. గప్పటిదాంక గుడ్డ మీ అన్ననే చూడనియ్యి."