తొమ్మిదో మనిషి బరువు

మధ్యాహ్నం రెండింటికి నీడలోనే నలభై నాలుగు డిగ్రీలు. విమానాశ్రయమన్నది పేరుకే. ఒక రన్‌వే, ఒక రేకుల గది, గదిలో తూకం, రెండు బెంచీలు, తిరిగీ తిరగని ఫ్యాను.

తూకం పక్కన నిలబడి పైలట్ అమ్మాయి మూడోసారి లెక్క వేసింది. మూడోసారీ అదే వచ్చింది. ఎండకి గాలి పలచబడితే రెక్కలకి ఊతం తగ్గుతుంది, ఇంజన్‌కి ఊపిరి తగ్గుతుంది. ఈ వేళప్పుడు ఇక్కడ నేల మీదున్న గాలి, మామూలుగా ఆరువేల అడుగుల ఎత్తున ఉండే గాలంత పలచన. తొమ్మిదిమందితో లేవాలంటే వెయ్యీ నలభై మీటర్లు కావాలి. ఉన్నది వెయ్యే, కొసన మట్టిగట్టు. ఒక్కరిని దించితే తొమ్మిదివందల తొంభై చాలు. చల్లబడేదాకా ఆగుదామంటే దిగబోయే చోట దీపాల్లేవు, పొద్దుండగానే చేరాలి.

దించాల్సింది ఎవరినో కూడా ఆమెకి తెలుసు. టికెట్ కొన్నవాళ్ళు ఎనిమిదిమంది. తొమ్మిదో ఆయన ఉచితంగా వెళుతున్న రిటైరైన కెప్టెన్. ఆమెకి ఈ లెక్కలు నేర్పిన మాస్టారు. నిన్న వాళ్ళ అక్కయ్య పోయింది. రేపు పొద్దున్నే సాగనంపుతారు. మళ్ళీ విమానం ఎల్లుండి, రోడ్డున వెళితే రెండు రోజులు.

ఒకరు ఆగాల్సి వస్తుందని మాత్రం అని, ఆ ఒకరెవరో చెప్పడానికి నోరు రాక ఆమె కాగితం కేసి చూస్తూ ఉండిపోయింది. ఆ సందులో ఆ కెప్టెన్ పెద్దాయనే గొంతు సవరించుకున్నాడు.

"నలభై నాలుగూ ఒక ఎండేనా అమ్మాయ్? నలభై ఆరులో, ఇదే రన్‌వే మీద, తొమ్మిదిమందితో లేచాను నేను."

"నలభై ఆరా?" విత్తనాల వ్యాపారి బెంచీ మీద ముందుకి జరిగాడు.

"నలభై ఆరని పుస్తకంలో రాసుకున్నాం. నిజానికి యాభై దాటే ఉంటుంది, థర్మామీటరే చేతులెత్తేస్తే ఏం చేస్తాం? గాలి ఎంత పలచబడిందంటే నీళ్ళు కలిపిన పాలు నయం. కాకులు ఎగరలేక రన్‌వే పక్కన వరసగా నడిచిపోతున్నాయి, బడి వదిలిన పిల్లల్లాగా. సరే, ఇంజన్‌కి ఉన్న బలమంతా ఇచ్చాను. ఐదువందల మీటర్లయ్యాయి, ఏడువందలు, తొమ్మిదివందలు, చక్రం అంగుళం లేవదు. ఒక కాకి మమ్మల్ని దాటి నడిచిపోయింది కూడాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనక్కి తిరిగి, అందరూ ఊపిరి బిగపట్టండి అన్నాను."

"బిగపడితే బరువు తగ్గుతుందా?" అంది బడి పంతులమ్మ.

"సగానికి సగం. ఎదురుగా గట్టు, దాని మీంచి సెగ పొయ్యి మీది ఆవిరిలా లేస్తోంది. ఆ సెగ మీదికి ముక్కు పెట్టానంతే, తారాజువ్వలా ఇరవైవేల అడుగులకి పోయాం. అక్కడ చలి. ఎంత చలంటే వెనకాయన తుమ్మితే ఆ తుమ్ము గడ్డకట్టి ఒళ్ళో పడింది. గాలి మహా చిక్కగా ఉంది. ఇంకా ఇంజన్ ఎందుకని ఆపేసి, తెడ్డు వేసుకుంటూ పోయాం. బయల్దేరిన టైముకి పది నిమిషాలు ముందే దిగాం."

పైకి పోయేకొద్దీ గాలి ఇంకా పలచనవుతుందని ఆమెకి చెప్పింది ఆయనే. చెబుతున్నంతసేపూ ఆయన మొహంలో నవ్వు లేదు. ఒళ్ళో సంచిని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

నవ్వింది వ్యాపారి. నవ్వి, లేచి సామాను అందుకున్నాడు. కోతల్లో సగం కొట్టేసినా తొమ్మిదిమందితో లేచిన మాట నిజమే కదా, ఇంకా ఆలస్యమెందుకన్నాడు. మిగిలినవాళ్ళూ లేచారు. మాస్టారు అడగలేక అడుగుతున్నదేమిటో ఆమెకి అర్థమైంది. కావాల్సినదాంట్లో ఇరవై మీటర్లు తగ్గించి, ఉన్నదానికి ఇరవై కలిపి రాసుకుంటే చాలదా? కలం కాగితం మీద ఆనింది.

"ఎనిమిదిమందే."

గుమ్మం దగ్గర గుడ్డతో చేతులు తుడుచుకుంటున్న ముసలి మెకానిక్ అన్నాడా మాట. గట్టిగా కూడా అనలేదు.

"ఆ రోజు ఎక్కింది ఎనిమిదిమందే కెప్టెన్‌గారూ. తొమ్మిదోవాణ్ణి నేను. మా అమ్మ ఆస్పత్రిలో ఉందని మీ చొక్కా పట్టుకున్నాను. విదిలించుకుని దించేశారు. మిమ్మల్ని తిట్టుకుంటూ పోయి గట్టు మీద నిలబడ్డాను. మీ చక్రాలు నా తల మీంచి పోయాయి. చెయ్యెత్తితే తగిలేవి. నేనూ ఎక్కుంటే ఏమయ్యేదో నేను ఆ క్షణమే చూశాను."

అతని తల్లి ఆస్పత్రిలోనే పోయిందని, కడసారి అతను చూసుకోలేదని ఇక్కడ పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. ఎందుకు చూసుకోలేకపోయాడో మాత్రం పైలట్ అమ్మాయికి ఇప్పుడే తెలిసింది.

లేచినవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. వ్యాపారి సామాను కింద పెట్టాడు.

"నలభై మూడు," అన్నాడు పెద్దాయన చివరికి. "ఆ రోజు నలభై మూడే. నలభై ఆరు కాదు." తర్వాత ఆమెని అడిగాడు, "నా బరువెంత రాశావు?"

"సంచితో తొంభై రెండు మాస్టారూ."

"కొట్టెయ్."

ఆమె కొట్టేసింది. ఆయన సంచి తీసుకుని గుమ్మం దగ్గరికి నడిచాడు. మెకానిక్ కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు.

మిగిలినవాళ్ళని విమానం దగ్గరికి పంపి ఆమె ఆయన ముందు ఆగింది. దిగగానే అక్కయ్యగారింటికి తనే వెళతానంది. ఏమని చెప్పమంటారని అడిగింది.

"ఎండకి గాలి పలచబడింది, ఒకడు దిగాల్సొచ్చింది, వీడు దిగాడు అని చెప్పు." ఆయన రన్‌వే కొసకి చూస్తున్నాడు. "నువ్వే చెప్పాలమ్మా. నేను ఫోన్ చేస్తే ఆ ఇంట్లో ఎవరూ నమ్మరు."